కోరిందల్లా చేతికొచ్చాక



బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. ఆరో మనిషి ముందు నిలబెట్టిన అట్ట తెర. ఆ తెర వెనక రెండు వారాల కష్టం కాగితాల మీద సిద్ధంగా ఉంది: నెల రోజుల ఎడారి ప్రయాణం, ఇసుక తుఫాన్లు, ఎండిపోయిన బావులు, దారికాచే దొంగలు, సగం పూడిపోయిన గుడి, ఆ గుళ్లో ఒక రహస్యం. ఆట మొదలైంది. "మహారాణి పిలుస్తోంది. రాజధాని ఎడారికి అవతల..." అని ఆయన ఎత్తుకున్నాడో లేదో, మంత్రగత్తె పాత్ర ఆడుతున్న అమ్మాయి తన కాగితం చూసుకుంది. "రాజధాని మాకు తెలిసిన ఊరే కదా. అందరూ నా పక్కకి రండి. టెలిపోర్ట్ వేస్తున్నాను" అంది. కథలో ఆరు సెకన్లు గడిచాయి. ఎడారి దాటేశారు.

రెండు వారాల కష్టం తెర వెనకే ఉండిపోయింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను పై లెవెళ్లలో నడిపినవాళ్లకు ఇలాంటి సాయంత్రం కొత్త కాదు. ఆ అమ్మాయి తప్పేమీ చేయలేదు. నియమాల పుస్తకం ఇచ్చిన శక్తినే వాడుకుంది. ఆ శక్తి కోసం వారం వారం వచ్చి, నెలల తరబడి ఆడింది. ఇప్పుడు దాన్ని వాడొద్దంటే అన్యాయం, వాడనిస్తే కథ నిలవదు. యాభై ఏళ్లుగా ఈ ఆటను తయారుచేసేవాళ్లనూ, ఆడించేవాళ్లనూ వదలని చిక్కు ఇది.

ఆట గురించి రెండు మాటలు. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రాసిన మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి అమ్మకానికి వచ్చాయి. మొదటి ముద్రణ 1000 ప్రతులు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరు డంజన్ మాస్టర్. లోకాన్ని కళ్లకు కట్టేది, రాక్షసుల తరఫున పోరాడేది, ఊళ్లో మనుషులుగా మాట్లాడేది ఆయనే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "నేను తలుపు తోస్తాను" అని ఒకరంటే, తెరుచుకుంటుందా లేదా అన్నది పాచిక చెబుతుంది. ఇందులో ఒకరు గెలిచి ఒకరు ఓడడం ఉండదు. అందరూ కలిసి అప్పటికప్పుడు అల్లుకునే కథ ఇది. సాహసాలు చేసేకొద్దీ పాత్రకు అనుభవం పాయింట్లు పెరుగుతాయి, వాటితో లెవెల్ పెరుగుతుంది. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ లెక్క ప్రకారం రెండో లెవెల్‌కి 300 పాయింట్లు చాలు. ఇరవయ్యో లెవెల్‌కి 3,55,000 కావాలి. ఆ పైన మెట్టు లేదు.

మొదటి మెట్టు మీద మంత్రగాడి ప్రాణం, ఆట భాషలో హిట్ పాయింట్లు, ఏడో ఎనిమిదో. గాబ్లిన్ అనే మరుగుజ్జు రాక్షసుడి బాణం ఒక్కటి గట్టిగా తగిలితే కూలిపోతాడు. పదిహేడో లెవెల్‌కి వచ్చేసరికి అదే మంత్రగాడు మైలు దూరం నుంచి ఉల్కల వాన కురిపిస్తాడు. ఆ మంత్రం పేరు మీటియర్ స్వార్మ్. దాని దెబ్బ తేలాలంటే ఆరు ముఖాల పాచికలు నలభై వేయాలి. బల్ల మీద అన్ని పాచికలు ఉండవు. ఒకరి దగ్గరివి ఒకరు అడిగి తీసుకుని దోసిలితో వేస్తారు. బల్లంతా కేరింతలు. డంజన్ మాస్టర్ ఎంతో జాగ్రత్తగా కాపలా పెట్టిన సైన్యం మాత్రం ఆ దోసిలిలో కొట్టుకుపోతుంది.

దెబ్బల సంఖ్య పెరగడం అసలు సమస్య కాదు. సంఖ్యకు సంఖ్యతో జవాబు చెప్పవచ్చు, ఇంకా పెద్ద రాక్షసుణ్ణి తెచ్చి నిలబెట్టవచ్చు. పై లెవెళ్లలో మాయమయ్యేవి వేరే. మనుషులు కథలు చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి ఏ గుంజల మీద కథ నిలబడుతోందో, ఆ గుంజలే ఒక్కొక్కటిగా ఊడిపోతాయి.

ముందు ఊడేది రహస్యం. అయిదో లెవెల్‌కే పూజారి పాత్రకు శవంతో మాట్లాడే మంత్రం అందుతుంది. నోరు చెదరని శవాన్ని అయిదు ప్రశ్నలు అడగవచ్చు. హత్య ఎవరు చేశారో కనిపెట్టే కథ రాసుకున్న డంజన్ మాస్టర్‌కు మొదటి ప్రశ్నే గొడ్డలిపెట్టు. తర్వాతిది చావు. తొమ్మిదో లెవెల్‌లో, పోయి పది రోజులు దాటని మనిషిని, 500 బంగారు నాణేల విలువైన వజ్రం ఉంటే చాలు, తిరిగి లేపవచ్చు. పదిహేడో లెవెల్‌లో 25,000 నాణేల వజ్రాలు పెడితే రెండు వందల ఏళ్ల కిందట పోయినవాళ్లను కూడా లేపవచ్చు, శవం లేకపోయినా సరే. పదమూడో లెవెల్‌లో దూరం పోతుంది. టెలిపోర్ట్ ఆ లెవెల్ సంపాదనే. అదే లెవెల్‌లో ఒక లోకం నుంచి మరో లోకానికి దాటే దారీ తెరుచుకుంటుంది. అలసట కూడా అక్కడే పోతుంది. మాగ్నిఫిసెంట్ మాన్షన్ అనే మంత్రం వేస్తే గాలిలో ఒక తలుపు కనిపిస్తుంది. లోపల వంద మంది పరిచారకులతో, వంద మందికి సరిపోయే విందుతో ఒక భవంతి. రాక్షసుల కోట నడిమధ్య, శత్రువు గది ముందు, హాయిగా నిద్రపోయి లేచి రావచ్చు. ఆ మంత్రం పేరు మోర్డెన్‌కైనెన్ అనే మంత్రగాడి మీద ఉంది. అది స్వయంగా గైగాక్స్ ఆడిన పాత్ర. పై లెవెళ్ల ఆట ఎంత పాత ముచ్చటో ఆ పేరే చెబుతుంది.

చివరిగా విష్. అంటే కోరిక. పదిహేడో లెవెల్ మంత్రగాడి చేతికొచ్చే బ్రహ్మాస్త్రం. ఎనిమిదో స్థాయి వరకు ఉన్న ఏ మంత్రాన్నైనా ఇది అనుకరించగలదు. అంతకు మించి ఏదైనా నోరారా కోరవచ్చు, కానీ అలా కోరితే ఆ మంత్రం జన్మలో మళ్లీ పలకకుండా పోయే ప్రమాదం నూటికి 33 వంతులు. పైగా కోరిక మాటల్లో సందు ఉంటే డంజన్ మాస్టర్ ఆ సందులోంచి దూరవచ్చు. వరం అడిగేటప్పుడు మాట జారితే ఏమవుతుందో హిరణ్యకశిపుడి కథ విన్న తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కోరిందల్లా ఇచ్చే శక్తి కథానాయకుడి చేతికొస్తే కథ ఎలా నడవాలి అన్న ప్రశ్నకు తెలుగువాళ్లు వెండితెర మీద చూసిన జవాబు కూడా ఒకటుంది. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోట రాముడికి కోరిందిచ్చే ప్రతిమ దొరుకుతుంది. భవనం కావాలంటే భవనం లేస్తుంది. అక్కడితో సినిమా అయిపోవాలి. కానీ ఆ ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది. దాన్ని దొంగిలించవచ్చు. మాంత్రికుడి చేతికి చేరగానే రాముడి భవనమూ రాజకుమారీ రెండూ పోతాయి. శక్తి తగ్గలేదు, చేయి మారిందంతే. పై లెవెల్ ఆటకు కథ అల్లేవాళ్లకు అది మంచి పాఠం.

ఆట పుట్టిన తొలి రోజుల్లోనే ఈ తలనొప్పి మొదలైంది. మంచి ఆటగాడు ఏడాదిలో 50 నుంచి 75 సార్లు ఆడితే తొమ్మిది నుంచి పదకొండో లెవెల్ మధ్యకు చేరడం సబబని గైగాక్స్ 1976లో రాశారు. కానీ అడిగినవాళ్లకు అడిగినంత నిధి పంచిపెట్టే డంజన్ మాస్టర్లు అప్పటికే చాలామంది ఉన్నారు. నలభయ్యో లెవెల్ దాటిన పాత్రలున్నాయని చెప్పుకునేవాళ్లు తయారయ్యారు. అదే 1976లో గాడ్స్, డెమీ-గాడ్స్ అండ్ హీరోస్ అనే పుస్తకం వచ్చింది. గ్రీకు, ఈజిప్టు దేవతలతో పాటు మన ఇంద్రుడికీ, అగ్నికీ కూడా అందులో హిట్ పాయింట్లు లెక్కగట్టారు. దేవతల బలం ఇంత అని చూపిస్తే, నలభయ్యో లెవెల్ వీరులు ఎంత హాస్యాస్పదమో తెలిసి తగ్గుతారని ముందుమాటలో ఆశపడ్డారు. జరిగింది వేరు. దేవుడికి హిట్ పాయింట్లున్నాయంటే దేవుణ్ణి చంపవచ్చన్నమాటే కదా అనుకున్నారు చాలామంది.

గైగాక్స్ తనదైన మందు ఒకటి అంతకుముందే కనిపెట్టారు. 1975లో బాల్టిమోర్ నగరంలో ఆరిజిన్స్ పేరుతో జరిగిన ఆటల సంబరంలో ఆయన టూంబ్ ఆఫ్ హారర్స్ అనే సమాధిని ఆటగాళ్ల ముందు పెట్టారు. 1978లో అది పుస్తకంగా వచ్చింది. అందులో పోరాటాలు తక్కువ, ఉచ్చులు ఎక్కువ. నోరు తెరిచిన రాతి ముఖంలోకి దూరినవాడు ఎన్నో లెవెల్ అయినా మాయమైపోతాడు. పాత్ర బలాన్ని పక్కనపెట్టి, బల్ల దగ్గర కూర్చున్న మనిషి తెలివిని పరీక్షించడం దాని పద్ధతి. గైగాక్స్ సహచరుడు రాబ్ కుంట్జ్ తన రోబిలార్ పాత్రతో ఆ సమాధిలోకి వెళ్లి, తన కొలువులో ఉన్న ఓర్క్ అనే రాక్షస జాతి అనుచరులను ముందు నడిపించి ఉచ్చులన్నీ వాళ్ల మీద తెలుసుకుంటూ చివరి దాకా చేరాడు. క్రూరమైన ఉపాయమే. గైగాక్స్ పరీక్షించాలనుకున్న తెలివి మాత్రం అదే.

మరో మందు ఆటనే మార్చేయడం. తొలి నియమాల్లో తొమ్మిదో లెవెల్ దగ్గర వీరుడు కోట కట్టుకుంటాడు, అనుచరులు వచ్చి చేరతారు. అప్పటిదాకా గుహల్లో దివిటీ పట్టుకుని తిరిగినవాడు ఇక పన్నులు, పంటలు, సరిహద్దులు చూసుకోవాలి. ఫ్రాంక్ మెంట్జర్ 1983 నుంచి 1986 వరకు అయిదు పెట్టెలుగా కూర్చిన ఆట ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. 1984లో వచ్చిన మూడో పెట్టె కంపానియన్ 15 నుంచి 25 లెవెళ్లది. రాజ్యం నడిపే నియమాలు, సైన్యాలు తలపడే లెక్కలు అందులో ఉన్నాయి. నాలుగో పెట్టె 36వ లెవెల్ దాకా తీసుకెళ్లింది. అయిదోది అమరులైన పాత్రలకు.

వేరే దారి తొక్కినవాళ్లూ ఉన్నారు. 1988లో వచ్చిన త్రోన్ ఆఫ్ బ్లడ్‌స్టోన్ అట్ట మీద "18 నుంచి 100 లెవెళ్లకు" అని ఉంటుంది. పాతాళానికి దిగి, ఓర్కస్ అనే రాక్షసరాజు దండాన్ని ఎత్తుకు రావాలి. నూరో లెవెల్ వీరుణ్ణి అంతకంటే పెద్ద శత్రువుతో ఢీకొట్టించడం అక్కడి పద్ధతి. ఎత్తుకు పై ఎత్తు, దానికి మళ్లీ పై ఎత్తు. ఆ నిచ్చెనకు చివర ఉండదు.

2000లో మూడో ఎడిషన్ వచ్చాక లెక్కలు మరీ బరువెక్కాయి. కత్తి పట్టినవాడు ఇంకాస్త గట్టిగా కొడుతుంటే, పక్కన మంత్రగాడు లోకం తీరునే మార్చేస్తున్నాడు. ఒకే బల్ల దగ్గర ఒకరికి పండగ, ఒకరికి కాలక్షేపం. విసిగిపోయిన కొందరు ఆటగాళ్లు ఆరో లెవెల్ దగ్గరే గీత గీసేసి, ఆపైన లెవెల్ పెంచకుండా చిన్న చిన్న నేర్పులు మాత్రం ఇచ్చే పద్ధతి కనిపెట్టారు. దానికి ఈ6 అని పేరు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ముప్పై లెవెళ్లను మూడు అంచెలుగా విడదీసింది. 21వ లెవెల్‌లో ప్రతి పాత్రా తన ఎపిక్ డెస్టినీని ఎంచుకోవాలి. ఈ లోకంలో తన కథ ఎలా ముగుస్తుందో, ఆ పాత్ర ఎలా సెలవు తీసుకుంటుందో అందులోనే ఉంటుంది. పై లెవెళ్లంటే ముగింపు దగ్గరపడడమని అంత సూటిగా చెప్పిన ఎడిషన్ మరొకటి లేదు.

ఇప్పుడు పోరాటం సంగతి. అయిదో ఎడిషన్ 2014 పుస్తకంలో ఏన్షియంట్ రెడ్ డ్రాగన్‌కు 546 హిట్ పాయింట్లు. వినడానికి కొండంత. కానీ దాని వంతు ఒకసారి వస్తే, ఎదుటివాళ్ల వంతు అయిదుసార్లు వస్తుంది. ఇరవయ్యో లెవెల్ యోధుడు ఒక్క వంతులో నాలుగు దెబ్బలు, మరీ అవసరమైతే ఎనిమిది దెబ్బలు వేస్తాడు. ఇంకొకరు మంత్రం వేసి డ్రాగన్‌ను మరో లోకానికి విసిరేసినా, తాబేలుగా మార్చేసినా కథ కంచికే. అందుకే ఇలాంటి రాక్షసులకు లెజెండరీ రెసిస్టెన్స్ ఇచ్చారు. ఆ పుస్తకం లెక్కలో రోజుకు మూడుసార్లు, తగిలిన మంత్రాన్ని తగలనట్టు తోసిపుచ్చవచ్చు. ఎదుటివాళ్ల వంతుల మధ్యలో కూడా తోక విసిరే వీలు కల్పించారు. అది డ్రాగన్‌ను కాపాడుతుంది గానీ, కొత్త బాధ తెస్తుంది. తన అతిపెద్ద మంత్రం వేసి పాచిక కూడా గెలిచిన ఆటగాడికి "లేదు, పనిచేయలేదు" అని చెప్పాల్సి వస్తుంది. అలా మూడుసార్లు.

ఒక్కోసారి కాగితం మీద కొండలాంటిది బల్ల మీద తుస్సుమంటుంది. టరాస్క్ అనే మహామృగానికి 2014 పుస్తకంలో 676 హిట్ పాయింట్లు, పుస్తకంలోకెల్లా అతి పెద్ద ప్రమాద అంకె, 30. దాని కాళ్ల కింద నగరాలు నలుగుతాయి. కానీ అది ఎగరలేదు, దూరం నుంచి కొట్టలేదు. ఎగిరే మంత్రం ఉన్న గుంపు ఆకాశంలో నిలబడి మంత్రపు బాణాలు వేస్తూ పోతే ఆ మృగం కింద తల పైకెత్తి చూస్తూ ఉండాల్సిందే. 2025లో వచ్చిన కొత్త రాక్షసుల పుస్తకంలో దానికి దూరానికి తగిలే గర్జన చేర్చారు.

డంజన్ మాస్టర్ మోసే బరువు ఇంకొకటి ఉంది. లిచ్ అంటే తన ప్రాణాన్ని వేరే చోట దాచుకున్న శవ మాంత్రికుడు. మన కథల్లో ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్నవాడికి చుట్టమే. 2014 పుస్తకంలో లిచ్ చేతిలో 26 మంత్రాలున్నాయి. ఆటగాడు తన ఒక్క పాత్ర మంత్రాలను ఏడాదిగా కంఠస్థం చేసుకుని వస్తాడు. డంజన్ మాస్టర్ ఈ 26 మంత్రాలనూ ఆ ఒక్క రాత్రి కోసం నేర్చుకోవాలి. మర్చిపోతే వెయ్యేళ్ల మేధావి పసివాడిలా పోరాడి చస్తాడు. దానికి తోడు పై లెవెళ్లకు సిద్ధంగా అచ్చులో దొరికే సాహస కథల పుస్తకాలు తక్కువ. కర్స్ ఆఫ్ స్ట్రాడ్ అనే పుస్తకం పదో లెవెల్ దగ్గర ముగుస్తుంది. టూంబ్ ఆఫ్ అనైహిలేషన్ పదకొండు దగ్గర. ఇరవై దాకా వెళ్లేవి 2018లో వచ్చిన డంజన్ ఆఫ్ ద మ్యాడ్ మేజ్, 2024లో వచ్చిన వెక్నా: ఈవ్ ఆఫ్ రూయిన్ లాంటివి బహు కొద్ది.

ఆ మ్యాడ్ మేజ్ పాతాళ గృహం 23 అంతస్తులు. దాన్ని కట్టిన పిచ్చి మాంత్రికుడు హాలాస్టర్ తన మాయతో టెలిపోర్ట్‌తో లోపలికి రావడాన్నీ, బయటికి పోవడాన్నీ అడ్డుకుంటాడు. ఇది చాలామంది డంజన్ మాస్టర్లు పట్టుకునే మొదటి ఆయుధం: ఇక్కడ ఎగరడం కుదరదు, అక్కడ మాయమవడం కుదరదు. ఒక చోట, తగిన కారణంతో అయితే అది కథకు అందమే. ప్రతి తలుపుకూ అదే తాళమైతే ఆటగాడు పదమూడు లెవెళ్లు ఎక్కి సంపాదించుకున్నది లాక్కోవడమే.

నిలదొక్కుకున్న ఆటలు ఎలా నడుస్తాయో గమనిస్తే మరో దారి కనిపిస్తుంది. దారిలో గోడ కట్టడం మానేసి, రెండు దారుల మధ్య నిలబెట్టడం. టెలిపోర్ట్ ఉంది, సరే. ఉత్తరాన ఓడరేవు కాలుతోంది, దక్షిణాన మహారాణి మీద కుట్ర ఈ రాత్రే. మంత్రం ఒక్కసారికే మిగిలింది. ఎక్కడికి వెళతారు? చచ్చినవాళ్లను లేపే వజ్రం ఒకటే ఉంది, శవాలు రెండున్నాయి. భవంతిలో ఎనిమిది గంటలు నిద్రపోవచ్చు. ఆ ఎనిమిది గంటల్లో బయట ఏ ఊరు పడిపోతుంది? శవంతో మాట్లాడి హంతకుడి పేరు తెలుసుకోవచ్చు. హంతకుడు ఆ దేశానికి ఏకైక వారసుడైతే ఏం చేస్తారు? ఏ పాచికా ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. శక్తి పూర్తిగా ఆటగాళ్లదే, దాని బరువు కూడా వాళ్లదే. ఇవన్నీ పండాలంటే కింది లెవెళ్లలోనే విత్తనాలు వేసి ఉండాలి. ఆ ఓడరేవులో పేరు తెలిసిన మనిషి ఒకరుండాలి. మూడో లెవెల్‌లో అన్నం పెట్టిన పూటకూళ్లమ్మ పదిహేడో లెవెల్‌లో ప్రమాదంలో ఉంటే, ఏ డ్రాగన్‌కూ రాని భయం బల్ల చుట్టూ వస్తుంది.

ఆ భయం ఎలా ఉంటుందో వేలాది మంది చూసిన రాత్రి ఒకటుంది. అమెరికాలో కొందరు నటులు 2015 మార్చి నుంచి తమ ఆటను క్రిటికల్ రోల్ పేరుతో ప్రత్యక్ష ప్రసారం చేశారు. డంజన్ మాస్టర్ మాథ్యూ మెర్సర్. 115 భాగాలు సాగిన ఆ మొదటి కథ 2017 అక్టోబర్‌లో ముగిసింది. చివరి శత్రువు వెక్నా, దేవుడిగా మారిన లిచ్. వీరుల్లో వాక్స్ అనేవాడు అప్పటికే ఒకసారి చనిపోయాడు. మృత్యుదేవత రేవెన్ క్వీన్ అతణ్ణి వెనక్కి పంపింది, కానీ వెక్నా పని ముగిసేదాకానే. గెలిస్తే వాక్స్ వెళ్లిపోవాలి.

సామ్ రీగెల్ ఆడిన స్కాన్లన్ అనే గాయకుడి దగ్గర విష్ మంత్రం ఉంది. ఆ రోజుకు దాన్ని పలికే శక్తి ఒక్కసారికే. దాన్ని వాక్స్ కోసం ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. పోరు ముదిరిన క్షణంలో వెక్నా టెలిపోర్ట్ మంత్రం అందుకున్నాడు. మాయమైతే మళ్లీ దొరకడు. ఆ మంత్రాన్ని తప్పకుండా ఆపాలంటే స్కాన్లన్ ఆ దాచుకున్న శక్తినే ఖర్చు పెట్టాలి. "కౌంటర్‌స్పెల్, తొమ్మిదో లెవెల్" అంటూ ఎదుటి మంత్రాన్ని ఆపే మంత్రం వేశాడు సామ్. బల్ల దగ్గర అందరూ ఎగిరి గంతేశారు. వెక్నా చిక్కాడు. సామ్ మాత్రం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది వాక్స్ కోసం అట్టేపెట్టుకున్నానని చెప్పాకే మిగతావాళ్లకు ఆ ఏడుపు అర్థమైంది.

వెక్నా ఓడిపోయాడు. తర్వాతి భాగంలో రేవెన్ క్వీన్ వచ్చింది, వాక్స్ తన వాళ్ల దగ్గర సెలవు తీసుకుని ఆమె వెంట నడిచాడు.